నీరోకు లేని ఫిడేలు

మా చరిత్ర మేడమ్ పోయారు. పోయిన వారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవారు మళ్ళీ లేవలేదని వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. మా బడి వాట్సాప్ గ్రూపులో ఆ కబురు నేనే పెట్టాను. కాసేపటికి దాని కింద ఎవరో దీపం బొమ్మ పెట్టి, చావు గురించి సోక్రటీస్ రాసిన మాట అంటూ ఒక వాక్యం అతికించారు. చదివి తల పట్టుకున్నాను. సోక్రటీస్ తన చేత్తో ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదని మా అందరికీ నోరు నొప్పి పుట్టేలా చెప్పిన మనిషికి మేమిచ్చిన వీడ్కోలు అది. ఆమే ఉండుంటే ఆ పెట్టినవాడికి ఫోన్ చేసి, "యాడ రాసినాడబ్బా? నాకూ సూపిచ్చు, సదువుకుంటా" అనేవారు.

తిరుపతిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆమె మాకు సాంఘికశాస్త్రం చెప్పారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మన రాజుల గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే కొట్లాడడానికి పదిమంది ఉంటారు, పాపం ఆ గ్రీకులకూ రోమన్లకూ ఈ ఊళ్ళో ఎవరున్నారు అనేవారు. అందుకని ఆ పని తన నెత్తిన వేసుకున్నారు.

"రోము తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించినట్టు" అనే మాటంటే ఆమెకు ఒళ్ళుమంట. ఒక ఎండాకాలం నీళ్ళ కోసం మా వీధివాళ్ళం ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నాం. మైకు పట్టుకున్న నాయకుడు అధికారులను తిడుతూ సరిగ్గా ఆ మాటే అన్నాడు. బిందె పక్కన పెట్టి, మా వీధిలోనే ఉండే మేడమ్ లేచారు.

"నాయనా, ఫిడేలు అప్పటికింకా పుట్టనే లేదు. కాలడం మొదలైనప్పుడు ఆయప్ప ఊర్లోనే లేడని రాసినారు."

"అమ్మా, ఇప్పుడు మనకు నీళ్ళు కావల్లా, ఫిడేలు కావల్లా?" అన్నాడతను. అందరూ నవ్వారు. ఇంటికి నడిచి వస్తూ ఆమె నాతో అన్నారు: "వాడు మంచోడని నేను చెప్పడంలే. కన్నతల్లిని చంపించినోడు. చేసినవి శానా ఉండాయి గదా, అవి చెప్పుకోండి. చేయనిది ఎందుకమ్మా నెత్తిన రుద్దేది?"

ఆ పట్టింపు రెండువేల ఏళ్ళ కిందటివాళ్ళకే కాదు. మా క్లాసులో ఏ కిటికీ అద్దం పగిలినా పేరు ఒకడిదే వినబడేది. మిగతా టీచర్లు బెత్తం తీసేవారు. ఈమె మాత్రం ముందు "సూసిందెవరు?" అని అడిగేవారు. చాలాసార్లు ఎవరూ చూసి ఉండేవారు కాదు.

ఆ పట్టింపు మా మీదికీ వచ్చింది. చిత్తూరులో బడుల మధ్య క్విజ్ పోటీ. నేనూ నా స్నేహితురాలూ ఆఖరి ప్రశ్న దాకా వచ్చాం. రోము తొలి చక్రవర్తి ఎవరు? అగస్టస్ అన్నాను. తప్పు, జూలియస్ సీజర్ అన్నారు క్విజ్ నడిపే సారు. వెనక వరుసలో మేడమ్ కుర్చీ కిర్రుమంది.

"సీజర్ చక్రవర్తి కాలేదు సార్. రాజైపోతాడేమో అనే గదా పొడిచి చంపినారు."

"కార్డులో ఉండేదే నేను చెప్తా ఉండాను మేడమ్."

"కార్డు తప్పు."

గొడవెందుకని ఆయన ఇంకో ప్రశ్న అడుగుతానన్నారు. మా ప్రాణం లేచివచ్చింది. మేడమ్ ఒప్పుకోలేదు. సరైన జవాబు చెప్పిన పిల్లకు మళ్ళీ పరీక్ష ఏమిటన్నారు. షీల్డు అవతలి బడికి పోయింది.

బస్సులో నా స్నేహితురాలు ఏడుస్తూనే ఉంది. పూతలపట్టులో బస్సు ఆగితే మేడమ్ ఉడకబెట్టిన చెనక్కాయలు కొనిచ్చారు. నేను పొట్లం విప్పలేదు. "ఇంగో ప్రశ్న అడిగింటే మేమే గెలిచింటాం మేడమ్" అన్నాను.

"గెలిచింటారు. ఆ కార్డు మాత్రం అట్లే ఉండేది. వచ్చే ఏడు ఇంగో బిడ్డ ఓడిపోయేది."

అప్పుడు ఆ మాట నాకు మందులా పనిచేయలేదు. హెడ్మాస్టరు ఆ తర్వాత ఆమెను ఏ పోటీకీ పంపలేదు. కానీ మరుసటి ఏడు ఆ క్విజ్ సారే కార్డులన్నీ సంచిలో వేసుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "ముందే సూసి పెట్టండి మేడమ్, సభలో లేస్తే మేం తట్టుకోలేం" అన్నారట. ఆమె కాఫీ ఇచ్చి, సాయంత్రం దాకా కూర్చోబెట్టుకుని దిద్దారు.

మేడమ్ చనిపోవడానికి ముందు నెలలో ఆమెను నేనే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. రేణిగుంట రోడ్డులో కొత్త కల్యాణమండపం గేటు ముందు తెల్లటి గ్రీకు ఆడబొమ్మలు రెండు నిలబెట్టారు. మేడమ్ ఆటో ఆపించారు. టైమవుతోందని నేను మొత్తుకుంటున్నా దిగి, చేతికర్ర పొడుచుకుంటూ వెళ్ళారు.

"ఆ కాలంలో వీటికి రంగులుండేవబ్బా, మన గోపురం బొమ్మల మాదిరి. వానకు ఎండకు పోయినాయి. తెల్లగా వదిలేస్తే ఎట్ల?" అని వాచ్‌మన్‌ను అడిగారు.

"తెలుపైతే కడిగేదానికి సులువమ్మా" అన్నాడతను.

ఆమె ఒక బొమ్మ ముఖంలోకి చూశారు. "కండ్లు కూడా పెట్టకుండా నిలబెట్టినారు గదమ్మా" అని, తన నుదుటి మీది కుంకుమ కొంచెం వేలికి తీసుకుని, మడమలెత్తి, ఆ రాతి పెదవులకు అద్దారు. వాచ్‌మన్ చూడనట్టు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.