మూడో భాగం దాచిన హన్సాతు

కానో పాత పట్నంలో మా వీధి ఆడవాళ్లు మధ్యాహ్నం నమాజు ముగించుకుని హన్సాతు ఇంటి లోపలి వాకిట్లోకి చేరేవారు. చేతుల్లో మగవాళ్ల టోపీలు, సూదులు, రంగు దారాలు. టోపీలు కుట్టడం ఒక సాకు. అసలు పని హన్సాతు చదివే నవల వినడం. ఆమె పీట మీద కూర్చుని చదువుతూ ఉంటే, ఆమె టోపీని మిగిలినవాళ్లు తలా ఒక వరస కుట్టి పక్కవాళ్లకు అందించేవారు. చదివే మనిషి చేతులు పుస్తకానికే సరిపోవాలి కదా. పదేళ్లలో హన్సాతు తన టోపీలో తాను ఒక్క కుట్టు వేసిన పాపాన పోలేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేది కూడా.

ఆమె పుట్టినింట్లో పుస్తకమన్నదే లేదు. ముప్పయ్యో ఏట, నలుగురు పిల్లల తల్లయ్యాక, పెళ్లయిన ఆడవాళ్ల కోసం పెట్టిన బడికి వెళ్లి అక్షరాలు దిద్దింది. ఉత్తరం ముక్క చదువుకోగలిగితే చాలనుకుంది. తగులుకున్నది నవలల పిచ్చి. ఇంటింటికీ తిరిగి బట్టలూ అత్తర్లూ అమ్మే ముసలి దేలూ, తట్ట అడుగున మా హౌసా భాషలో నవలలు కూడా పెట్టుకొచ్చేది. ఒక్కో కథ మూడు నాలుగు భాగాలు. ప్రాణం గొంతులోకి వచ్చిన చోట ఒక భాగం ఆగిపోయేది. తర్వాతిది ఎప్పుడొస్తుందో అచ్చువేసేవాడికే తెలియదు. ఆ ఎదురుచూపు కూడా హన్సాతుకు సుఖంగానే ఉండేది. చంటిదానికి పాలిస్తూ పాత భాగమే మళ్లీ చదివేది. ఉల్లిపాయలు తరుగుతూ చదివేది. ఆ కన్నీళ్లు ఉల్లిపాయలకా కథకా అని అడిగితే "రెండింటికీ" అనేది. భర్త షేహు బట్టల బజారు నుంచి వచ్చి ఎదురుగా నిలబడితే, పేజీ అయ్యేదాకా ఆగమని ఒక వేలు పైకెత్తేది. పాపం, ఆయన ఆగేవాడు.

షేహు రెండో పెళ్లి మాట ఎత్తినప్పుడు కూడా ఆమె చేతిలో పుస్తకమే ఉంది.

"చేసుకోండి. సగం రోజులు నాకు వంట తప్పుతుంది" అంది, తల ఎత్తకుండానే.

వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. సవతులు వంటకు వంతులు వేసుకుంటారు, రెండు రోజులు ఒకరు, రెండు రోజులు ఇంకొకరు. రెండేసి రోజులు పొయ్యి మొహం చూడకుండా చదువుకోవచ్చని ఆమె ఆశ.

వచ్చిన పిల్ల పేరు బిల్కీ. ఇరవై ఏళ్లది, బడి చదువు పూర్తి చేసింది. పెళ్లి సామాన్లలో గిన్నెల కింద ముప్పై నవలలు తెచ్చుకుంది. ఆ పెట్టె తెరిచిన రోజు హన్సాతు మొహం చూసి, పెళ్లి అసలు ఈవిడకే జరిగిందేమో అనుకున్నారందరూ. రెండు నెలలు ఇద్దరూ ఒకే చాప మీద పడుకుని పుస్తకాలు మార్చుకుంటూ చదివారు.

చిచ్చు వంటింట్లో పుట్టింది. ఒకరోజు వంట వంతు హన్సాతుది. పైగా జారియా నుంచి చుట్టాలు దిగారు. కుండ నిండా టువో, జొన్నపిండి సంకటి, ఉడుకుతోంది, గరిటె వదిలితే అడుగంటిపోతుంది. వాకిట్లో ఆడవాళ్లకు ఓపిక నశించింది.

"ఆ చిన్నదానికి చదువొచ్చు కదా, దాన్ని చదవమను" అంది పక్కింటి గంబో. "మేమేమన్నా మీ ఆయన్ని అడిగామా? ఒక్క అధ్యాయం అడిగాం."

బిల్కీ చదివింది. ఊరికే చదవలేదు. వ్యాపారికి బొంగురు గొంతు పెట్టింది, అత్తకు ముక్కుతో మాట్లాడింది, పెళ్లికూతురికి సన్నగా వణికింది. వాకిట్లో నవ్వులు మొదలయ్యాయి. ఇన్నేళ్లుగా హన్సాతు చదువుతుంటే ఆ ఆడవాళ్లు ఏడ్చారు, నిట్టూర్చారు, కానీ కడుపు పట్టుకుని నవ్వింది ఎన్నడూ లేదు. గరిటె పట్టుకుని వంటింట్లో నిలబడ్డ హన్సాతుకు కుళ్లు పుట్టింది.

ఆ తర్వాత హన్సాతు వంట రోజుల్లో వాకిలి కిటకిటలాడేది. ఆమె చదివే రోజుల్లో ఒకరికి తలనొప్పి, ఇంకొకరికి ఇంట్లో పని. అన్నిటికంటే ఆమెను కాల్చుకు తిన్నవి టోపీలు. బిల్కీ టోపీలో కుట్లు దగ్గరదగ్గరగా, ముచ్చటగా పడేవి. తన టోపీలో ఎవరో బలవంతపెడితే వేసినట్టు వదులుగా ఉండేవి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని ఆమె గుడ్ల నీళ్లు కుక్కుకునేది.

"నన్ను పంచుకున్నప్పుడు కూడా ఇంత ఏడవలేదు కదే నువ్వు" అన్నాడు షేహు నొచ్చుకుని.

"మిమ్మల్ని చదవడం ఎప్పుడో అయిపోయింది" అంది హన్సాతు.

అప్పుడు అందరూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని వింటున్న నవల ఒకటుంది. ముసలి వ్యాపారితో పెళ్లి నిశ్చయమైన పిల్ల, పెళ్లినాటి ఉదయం గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే, ఎవరో తలుపు కొడతారు. రెండో భాగం అక్కడితో అయిపోయింది. మూడోది ఒక్క ప్రతి దేలూ తెచ్చింది. గుమ్మం దగ్గరే హన్సాతు చేతిలో పెట్టి, మునిమనవడి నామకరణానికని కత్సినా వెళ్లిపోయింది.

హన్సాతు ఆ పుస్తకాన్ని జొన్నపిండి కుండలో దాచింది. ఇంకా అచ్చు కాలేదట అని అందరికీ చెప్పింది. చదవడానికేమీ లేకపోతే ఆ పిల్ల గొంతులు ఏం చేసుకుంటుందో చూద్దామనుకుంది. తన వంట వంతు చివరి రోజున పొయ్యి ముందు కూర్చుని, పిండి దులిపి పుస్తకం తెరిచింది. తలుపు కొట్టింది పిల్ల పాత ప్రియుడు. ఇద్దరూ నలభై పేజీలు ఏడ్చారు. మరీ అంత గొప్పగా ఏమీ లేదు. అయినా వీధి మొత్తానికి తెలియనిది తనకొక్కదానికే తెలుసన్న ఆనందం మాత్రం నరనరాన పాకింది.

అప్పుడు వాకిట్లోంచి బిల్కీ గొంతు వినబడింది.

"మూడో భాగం నేను కలలో చదివాను, చెప్పనా?"

"కలలోదైనా ఫరవాలేదు, చెప్పవే తల్లీ" అంది గంబో.

హన్సాతు పెదవి విరిచింది. తలుపు కొట్టింది పెళ్లికొడుకు తల్లి అని చెప్పింది బిల్కీ. ఎనభై ఏళ్ల ముసలమ్మ కర్ర ఊతంగా లోపలికొచ్చి, తలుపు గడియ పెట్టి, 'అమ్మాయీ, నా కొడుకుని చేసుకోకు' అందట. హన్సాతు గరిటె ఆగిపోయింది. అబద్ధం, పుస్తకంలో అలా లేదు అని అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే పుస్తకం దాచిన సంగతి బయటపడుతుంది. పైగా ఆ ముసలమ్మ తర్వాత ఏమందో వినబడకుండా పోతుంది. చెవులు రిక్కించింది. సరిగ్గా ముసలమ్మ కారణం చెప్పబోయే చోట బిల్కీ ఆపేసి, మిగతాది మళ్లీ నా వంతుకి అంది. ఈలోగా టువో మాడింది.

వాసనకు బిల్కీ పరుగున వంటింట్లోకి వచ్చింది. ఒళ్లో పుస్తకం, కొంగు నిండా పిండి, హన్సాతు దొరికిపోయింది. ఈ పిల్ల వెళ్లి వాకిట్లో చెబితే ఇక ఆ పీట మీద కూర్చోవడమన్నది జన్మలో ఉండదు.

"ఎవరికీ చెప్పనులే అక్కా" అంది బిల్కీ మెల్లగా. "రేపటి నుంచి వంట నాది. ఎల్లుండి, పుస్తకం వచ్చిందని చెప్పి మీరే చదవండి. అందాకా నాకివ్వండి, ఆగలేను."

పుస్తకం అందుకున్న ఆ పిల్ల చేతుల ఆత్రం చూసి హన్సాతుకు మళ్లీ కుళ్లు పుట్టింది. దానికింకా అంతా కొత్తే.

"నీ ముసలమ్మ ఏమందే?" అంది ఉండబట్టలేక.

"నాకూ తెలీదక్కా. నోరు తెరిచాక తెలుస్తుంది."

ఈ పిల్లకు దేలూ తట్ట కోసం కాచుకుని కూర్చునే ఖర్మ లేదు. కథ దాని నోట్లోనే ఉంది. ఆ మాట తలచుకుంటే మర్నాడంతా హన్సాతుకు ముద్ద దిగలేదు.

చెప్పిన రోజున ఆమె పీట మీద కూర్చుని మూడో భాగం చదవడం మొదలుపెట్టింది. వాకిలి నిండిపోయి ఉంది. ప్రియుడు తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి గంబో సూది ఆపింది.

"వీడెవడు? వచ్చింది పెళ్లికొడుకు తల్లి కదా?"

"పుస్తకంలో ఇలాగే ఉంది."

"అయితే రాసినవాడికి తెలీదు" అంది గంబో. అందరూ తలలూపారు.

హన్సాతుకు తల కొట్టేసినట్టయింది. పదేళ్లుగా ఆ పీట తనది. వాదించవచ్చు, చదివింది వినండని గదమాయించవచ్చు. ఆ మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ రెండు రోజులుగా ఆమె మనసంతా గడియ పెట్టిన ఆ గదిలోనే ఉంది. పుస్తకం మూసి, పీట మీంచి లేచి, వంటింట్లో ఉన్న బిల్కీని కేకేసింది. ఆ పిల్ల తడి చేతులతో వచ్చి నిలబడింది.

"జరుగు గంబో, నాకూ కాస్త చోటివ్వు" అంటూ హన్సాతు చాప మీద వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"అక్కా, అది మీ పీట..."

"కూర్చోవే. నిన్ను చూస్తే నాకు ఒళ్లంతా మంట. ఆ ముసలమ్మ ఏమందో చెప్పు ముందు."