అమల నెత్తి మీద ఒట్టు

వజ్రమ్మకి భయపడటం వచ్చినంత బాగా ఇంకే పనీ రాదని కోడలు వాసంతి అంటూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఎల్బీ నగర్ మెట్రోలో ఎస్కలేటర్ ఎక్కమంటే కాళ్ళు వణుకుతాయి. ఫోన్‌లో కొత్త నంబరు కనిపిస్తే ఎత్తదు, మోగినంతసేపూ దానికి దండం పెడుతుంది. ఇంత పిరికి మనిషికి దొరికిన నౌకరీ చూడండి: నిండా అయిదడుగులు లేని మనిషి, ఆరడుగుల ఆడపిల్లల వెనక పరుగు.

ఆ పిల్లలది మూసీ రాణులని ఒక బాస్కెట్‌బాల్ టీము. సరదాకి ఆడేది కాదు, జీతాలిచ్చి ఆడించే టీము. హాస్టల్ దిల్‌సుఖ్‌నగర్‌లో, ఆట ఎల్బీ నగర్‌లోని ఇండోర్ హాల్లో. వజ్రమ్మ జెర్సీలు ఉతుకుతుంది, సీసాల్లో నీళ్ళు నింపుతుంది, చెక్క ఫ్లోరు మీద పడ్డ చెమట తుడుస్తుంది. రోడ్డు మట్టి ఆ ఫ్లోరుకి తగలకూడదు కాబట్టి ఆటకి వేసుకునే బూట్లన్నీ ఆమె సంచిలోనే ఉంటాయి. పిల్లలంతా ఆమెని పెద్దమ్మా అంటారు.

ఆమె భయానికి ఒక మూలం ఉంది. మగ్గం వదిలి పోచంపల్లి నుంచి వచ్చాక భర్త మారయ్య కొత్తపేటలో చీరల షాపులో చేరాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. "గ్యాస్ అంతే. ఎవ్వరికీ చెప్పకు, ఊకె పరేషాన్ చేస్తరు" అన్నాడు. ఆమె చెప్పలేదు. నిమ్మకాయ సోడా తెచ్చి ఇచ్చింది. సీసా సగం కూడా కాకముందే మనిషి ఒరిగిపోయాడు.

అందుకే ఆ రోజు ప్రాక్టీసు అయ్యాక బాత్రూంలో అమల నేల మీద పడి ఉండటం చూసినప్పుడు వజ్రమ్మ కేక కూడా వెయ్యకుండా ముందు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూసింది. అమలది తణుకు వైపు. టీములో అందరికంటే పొడుగు, రింగు కింద బంతి పడితే ఇంకొకరికి దక్కనివ్వదు. మొహాన నీళ్ళు కొడితే కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఎండకి కళ్ళు తిరిగాయి పెద్దమ్మా, ఏం లేదు."

"ఎండేంది బిడ్డా, లోపట ఏసీ నడుస్తున్నది గదా! ఇంతకుముందు గిట్ల అయిందా?"

అమల తల దించుకుంది. "ఒకసారి. పరిగెత్తేటప్పుడు గుండె దడదడలాడుతుంది. మా నాన్నకి తెలిస్తే మర్నాడే బస్సెక్కించి తీసుకుపోతాడు. ఫైనల్‌కి ఇండియా క్యాంపు సెలెక్టర్లు వస్తారు. అంతవరకూ నువ్వు నోరు విప్పకూడదు." అంటూనే వజ్రమ్మ చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుంది. "ఎవరికన్నా చెప్పావంటే నేను చచ్చినంత ఒట్టు."

వజ్రమ్మ చెయ్యి వెనక్కి లాక్కునేలోపే మాట అయిపోయింది.

చెప్తే ఒట్టు తగిలి పిల్ల పోతుంది. చెప్పకపోతే మారయ్య పోయినట్టు పోతుంది. చదువుకున్నవాళ్ళకి నవ్వు రావచ్చు. వాళ్ళలో ఒక్కరిని పిలిచి, కన్నకూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధపు ఒట్టు వేయమనండి, అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో.

ఆ సీజనంతా వజ్రమ్మకి అన్నం సహించలేదు. రాణులు ఎన్నడూ లేనిది గెలవడం మొదలుపెట్టారు. ఓడితే త్వరగా ఇంటికి పోవచ్చు, గెలిస్తే ఇంకో మ్యాచ్. అవతలి వాళ్ళ బంతి రింగులో పడ్డప్పుడల్లా లోలోపల సంతోషించిన మనిషి మన బెంచీ దగ్గర ఆమె ఒక్కతే. కర్మన్‌ఘాట్ హనుమంతుడికి ఓటమి కోసం మొక్కింది. ఇలాంటి మొక్కు ఆ స్వామి కూడా అంతకుముందు విని ఉండడు. అమల ఎగిరినప్పుడు కళ్ళు మూసుకునేది, బూట్లు నేలకి తగిలిన చప్పుడు వినిపిస్తేనే తెరిచేది. ఎన్నోసార్లు బతిమాలింది, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు బిడ్డా అని. ఫైనల్ అయ్యాక పెడతానని అమల నవ్వేది. ఆ నవ్వు చూస్తే వజ్రమ్మకి ఇంకా భయమేసేది, పెదవుల రంగు సరిగ్గా లేదనిపించేది.

ఫైనల్ రోజు పొద్దున బకెట్ నిండా సర్ఫు నీళ్ళు కలిపి అమల బూట్లు రెండూ ముంచేసింది. నోరు విప్పితే కదా ఒట్టు తప్పేది!

మ్యాచ్‌కి ముందు సంచి విప్పితే బూట్లలోంచి నీళ్ళు కారాయి. కోచ్ బాపిరాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఏం చేశావమ్మా ఇది? ఫైనల్ రోజే ఉతకాలా వీటిని? బుద్ధుందా?"

"మురికైనయ్ సార్" అంది వజ్రమ్మ, నేల చూస్తూ. అమలకి మాత్రం అంతా అర్థమైపోయిందని ఆ పిల్ల చూసిన చూపులోనే తెలుస్తోంది.

ఆ పిల్ల పాదానికి టీములో ఇంకెవరి బూట్లూ పట్టవు. కొత్తవి కొనుక్కురమ్మని బాపిరాజు అసిస్టెంట్‌ని బండి మీద దిల్‌సుఖ్‌నగర్‌కి తరిమాడు. మొదటి సగం అమల బెంచీ మీదే కూర్చుంది, టీము వెనకబడింది, వజ్రమ్మ గుండె కాస్త కుదుటపడింది. హాఫ్‌టైమ్‌లో ఆ అసిస్టెంట్ చెమటలు కక్కుకుంటూ కొత్త డబ్బాతో దిగాడు. మగవాళ్ళ బూట్లు, సరిగ్గా సరిపోయాయి.

అమల లేసులు బిగించుకుని లేచింది. గొంతు దగ్గర నరం టపటపా కొట్టుకోవడం వజ్రమ్మ కళ్ళారా చూసింది. మారయ్యకీ ఆ సాయంత్రం అక్కడే కొట్టుకుంది.

ఆమె బాపిరాజు చొక్కా పట్టుకుంది. అంతకుముందెన్నడూ సార్ మొహంలోకి సూటిగా చూసి ఎరగదు. "సార్, ఆ పిల్లని ఆటకి దించకున్రి. దానికి గుండె మంచిగ లేదు. రెండుసార్లు పడిపోయింది. నేనే బూట్లు ముంచిన." చెప్పి, అక్కడే కూలబడి, పోయిన మొగుడికి, ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంది, ఆ ఒట్టు ఏదో నాకే తగలనీ అని.

బాపిరాజు అమలని అడిగాడు. ఆ పిల్ల అవునని అనలేదు, కాదని కూడా అనలేకపోయింది. ఆమెని ఇక ఆటలోకి దించలేదు. టీము ఓడిపోయింది.

మలక్‌పేటలో ఒక ప్రైవేటు దవాఖానకి తీసుకుపోతే గుండె కండరం బాగా మందంగా ఉందన్నారు. ఆడుతూ ఆడుతూ ఉండగానే ఆగిపోయే రకమట. ఛాతీలో ఒక చిన్న మిషను పెట్టాలన్నారు. ఇక ఆట లేదన్నారు. తణుకు నుంచి అమ్మానాన్నా బయల్దేరారు. వాళ్ళు వచ్చేదాకా పక్కన కూర్చోవడానికి వజ్రమ్మని ఉంచారు.

గుండెకి వైర్లు పెట్టుకుని పడుకున్న అమల, వజ్రమ్మ గదిలోకి రాగానే మొదలుపెట్టింది. "ఎందుకొచ్చావ్? నా క్యాంపు పోయింది, నా ఆట పోయింది. ఒట్టేసి మాట తప్పావు. ఇంకెప్పుడూ నీ మొహం చూపించకు నాకు. నా బతుకు నాశనం చేశావ్."

వజ్రమ్మ కదల్లేదు. ప్రతి మాటకీ దుప్పటి కింద ఛాతీ పైకి లేవడం, దిగడం చూస్తోంది. ఇన్ని మాటలకి ఎంత ఊపిరి కావాలి! ఒట్టు తప్పి ఇంతసేపైంది, పిల్ల ఇంకా తిడుతూనే ఉంది. ఆమెకి ఆ తిట్లు వినడానికి ఎంత బాగున్నాయో చెప్తే ఎవరూ నమ్మరు.

చివరికి అమల అలిసిపోయి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. దుప్పటి కింద ఛాతీ లేవడం ఇక కనిపించడం లేదు.

వజ్రమ్మ గబుక్కున లేచి మంచం మీదికి వంగింది. "ఏమైంది బిడ్డా, ఎందుకు ఆగినవ్? తిట్టు. నీ కాల్మొక్త, ఇంకా తిట్టు."