సుగుణక్క రెండు పూటల లెక్క

నిన్న పొద్దున్నే మేనకోడలు ఫోన్ చేసి "మామా, అమ్మ పోయింది" అంది.

నమ్మలేదు. మొన్ననే ఫోన్‌లో నాతో అరగంట వాదించిన మనిషి.

సుగుణక్క మా పెద్దబాపు బిడ్డ, మా నాన్న అన్నగారి కూతురు. కొత్తవాడలో మగ్గాల ఇంట్లో పుట్టి, మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠాలు చెప్పింది. ఏం చెప్పినా "అట్లెందుకు?" అనేది. ఆ ఒక్క ప్రశ్నతో ప్రాణం తోడేసేది.

ఎనభైల చివర్లో వాళ్ల సార్ ఒకాయన ఎక్కడినుంచో కొత్తరకం మెషీన్ అరువు తెచ్చాడు. తల మీద తీగచుట్ట పెట్టి స్విచ్ నొక్కితే, అయస్కాంత శక్తి లోపల మెదడును తడుతుంది. చేతి బొటనవేలు దానంతట అదే ఎగురుతుంది.

అక్క తన తలే పెట్టింది.

పొద్దున వేలు కొంచెం ఎగిరింది. సాయంత్రం బాగా ఎగిరింది. రోజూ ఇదే వరస.

నాది టీవీ రిపేర్ షాపు కనుక నన్ను పిలిపించింది. నేను పెద్ద ఇంజనీర్‌లా "వోల్టేజీ ప్రాబ్లం" అని తేల్చేశాను.

"సాయంత్రం అందరు లైట్లేస్తే వోల్టేజీ పడిపోతది కదరా తమ్మీ. మరి వేలు ఎక్కువెందుకు ఎగురుతాంది?"

షాపులోని స్టెబిలైజర్ మోసుకొచ్చాను. అది పెట్టినా అంతే. మెషీన్ అదే, తల అదే. పూట మారితే మెదడు జవాబు మారుతోంది. అక్క మొహం చూడాలి అప్పుడు, జాతరకొచ్చిన చిన్నపిల్లే.

ఇదంతా ఆమెకు ఆట కాదు. పెద్దబాపుకు అప్పటికే పక్షవాతం. కుడిచేయి పడిపోయింది. జీవితమంతా మగ్గం నేసిన చేయి అన్నం కలపలేకపోతోంది.

మా ఇంట్లో మంచి పని ఏదైనా పొద్దున్నే. చేతి ఎక్సర్‌సైజులు కూడా పొద్దున్నే చేయించేవాళ్లం. మెదడు సాయంత్రం ఎక్కువ మాట వింటుందేమో అని అక్కకు డౌట్ వచ్చింది. టైమ్ మార్చేసింది.

దీపాలు పెట్టే వేళ రోగి చేయి పట్టుకుని గుంజుడేందని పెద్దమ్మ గొడవ. అక్క దీపం కూడా తానే పెట్టి, మళ్లీ వచ్చి చేయి పట్టుకునేది.

కొన్ని నెలలకు ఒక సాయంత్రం ఆయన అరచేతిలో నాడె పెట్టింది, మగ్గంలో అటూ ఇటూ దారం మోసేది.

పెద్దబాపు వేళ్లు ముడిచి పట్టుకున్నాడు.

పెద్దమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్క మాత్రం మమ్మల్ని ఆపింది.

"ఆగుర్రి. రేపు పొద్దుగాల గూడ చూడాలె. రెండు పూటల చూడంది నేను నమ్మ."

పొద్దున కూడా అంతే గట్టిగా పట్టుకున్నాడు.

"నా సాయంత్రం లెక్క తప్పిందిరా" అని అప్పుడు ఏడ్చింది, నవ్వుకుంటూ. తన మాట తప్పినందుకు అంత సంతోషపడ్డ మనిషిని మళ్లీ చూడలేదు.

పెద్దబాపు మళ్లీ మగ్గమెక్కలేదు గానీ, పోయేదాకా తన చేత్తోనే తిన్నాడు. ఆ చేయి వచ్చింది సాయంత్రం మహిమా, అక్క ఓపిక మహిమా? నేను ఓపికే అంటాను. ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చొద్దని ఆమె ఒప్పుకోదు. మొన్నటి వాదన కూడా అదే.

అక్కా, నిన్న పొద్దున వచ్చి నీ చేయి పట్టుకున్నాను. కదల్లేదు.

చుట్టాలంతా వచ్చేదాకా ఉంచారు. సాయంత్రం తీసుకుపోయే ముందు మళ్లీ వచ్చి పట్టుకున్నాను.

రెండు పూటలా చూశానక్కా. ఇప్పుడు నమ్ముతున్నాను.

పోయిరా. ప్రశ్నలు లేని చోట నీకు శాంతి ఉండదు. అక్కడ కూడా "అట్లెందుకు?" అని ఎవరినో అడుగుతూ ప్రశాంతంగా ఉండు.