నూటికి నూరు సారు

జహీరాబాదు దగ్గరి పల్లెబడిలో పెద్దసారు జగన్‌మోహన్ పొద్దున్నే వస్తూనే భుజం మీది తువ్వాలతో గేటు దగ్గరి బోర్డు తుడిచేవాడు. ఏడో తరగతి ఫలితం నూటికి నూరని దాని మీద తెల్లరంగుతో రాయించుకున్నాడు. లోపలి నల్లబల్లకు ఆ తువ్వాల ఏనాడూ తగల్లేదు. ఎవరైనా అల్లం ధర అడిగినా మాట తిప్పి తిప్పి ఆ నూరు దగ్గరికే తెచ్చేవాడు. అదెట్లా వచ్చిందంటే, తప్పేట్టున్న పిల్లలను ఆయన పరీక్షకే పంపడు. పంతొమ్మిది వందల ఎనభై రెండులో, కూలికి పోయే నారమ్మ బిడ్డ కళావతి వంతు వచ్చింది.

“లెక్కలు రావు నారమ్మా. వచ్చే ఏడు చూద్దాం,” అన్నాడు సారు మీసం దువ్వుకుంటూ.

“రాకనే గద సారూ మీ కాడికి తోలింది. గట్లయితె ఎవ్వల్నీ పంపకున్రి, ఒక్కరు గూడ తప్పరు.”

సారు కళ్లు మూసుకుని నిజంగానే ఆలోచించాడు. “కుదరదు. శాతం కట్టాలంటె ఒక్కరన్న రాయాలె.”

నారమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుంది. “ఇగ రేపటి సంది నాతోని అల్లం చేన్లకే వస్తది.”

సారు గాబరాపడి కుర్చీలోంచి లేచాడు. “బడి మాన్పియ్యకు. హాజరు పడిపోతది.”

“హాజరుకైతె మీ బిడ్డను తెచ్చి కూసోబెట్టున్రి.”

సారు కూతురు రోజూ బస్సెక్కి జహీరాబాదులో కాన్వెంటుకు పోతుంది. ఏమీ తెలియని మనిషిని చూసినట్టు ఆయన నారమ్మను జాలిగా చూశాడు.

“ఈడ కూసోబెడితె దాని సదువు ఏం గావాలె నారమ్మా?”