దుప్పటక్క పెనాల్టీ

ఆసుపత్రి లాండ్రీలో దుప్పటక్కను ఎరగనివాళ్లు లేరు. కన్నవాళ్లు ముచ్చటపడి ఏదో మంచి పేరే పెట్టారు. కానీ వార్డుల నుంచి దిగిన దుప్పటి ఏదైనా ఆమె చేతుల మీదుగానే మళ్లీ పైకి వెళ్లాలి కాబట్టి ఈ పేరే స్థిరపడిపోయింది. ఇస్త్రీ చేసే వేడి రోలర్ లోంచి ఆవిర్లు కక్కుతూ బయటికొచ్చే దుప్పటిని ఒక వైపు తను, ఎదురు వైపు జోడీ మనిషి పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, కొసకు కొస కలిపి మడత పెట్టేస్తారు. ఆ పని జరుగుతున్నంత సేపూ దుప్పటక్క నోరు ఆగేది కాదు. ముక్కు మీద కోపం, నాలుక మీద వేళాకోళం. అలాంటి మనిషి కొన్నాళ్లుగా మడత బల్ల దగ్గర మూగనోము పట్టినట్టు ఉందంటే, దానికి కారణం ఒక ఫుట్‌బాల్.

ఉద్యోగం చేసే ఆడవాళ్ల జట్లకు ఏటా పోటీలు జరుగుతాయి. కిందటేడు ఆసుపత్రి జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆట సమంగా ముగిసి, ఒక్కొక్కరే వచ్చి గోలుకు కొట్టే పెనాల్టీల మీద పడింది. అసలు ఈ పెనాల్టీలు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, పదకొండు మంది మోయాల్సిన బరువంతా ఎత్తి ఒక్క మనిషి నెత్తిన పెట్టి చోద్యం చూశాడు! ఆఖరి కిక్ దుప్పటక్కది. బంతి గోలు మీదుగా ఎగిరి, అవతల నిలబెట్టిన ఎవరిదో కారు మీద పడింది. జట్టు ఇంటిముఖం పట్టింది.

ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమె ప్రాణం తోడేసింది. తిడితే ఆమే నాలుగు తిరిగి తిట్టేది, పీడా వదిలేది. దుప్పటికి అవతలి కొస పట్టుకున్న జోడీ మనిషి "పోనీలే అక్కా, ఆటన్నాక ఉంటాయి" అని మెత్తగా అన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఈ ఏడు మళ్లీ తప్పితే? ఉద్యోగానికొచ్చిన ముప్పేమీ లేదు, నిజమే. కానీ పొద్దస్తమానం ఎదురుగా నిలబడే మనిషి కళ్లలోకి చూడలేకపోతే ఆ బల్ల దగ్గర ఎలా నిలబడటం? ఆ భయం ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

అందుకే పోటీలు ఇంకా ఎక్కడో ఉండగానే, ఈసారి పెనాల్టీలు ప్రాక్టీసు చెయ్యాల్సిందేనని పట్టు పట్టింది. జట్టుకు ఆట నేర్పేది ఎక్స్‌రే మాస్టారు. ఎక్స్‌రే గదిలో చేసి రిటైరైన పెద్దాయన, కుర్రతనంలో బాగానే ఆడాడట. ఆయన ససేమిరా అన్నాడు.

"పెనాల్టీ అంటే లాటరీ తల్లీ. లాటరీకి ప్రాక్టీసేమిటి? ఆ టైములో పాస్‌లు సరిగ్గా నేర్చుకోండి, పెనాల్టీల దాకా వెళ్లే గతే పట్టదు."

"వెళ్తే?"

"వెళ్తే దేవుడే ఉన్నాడు."

"కిందటేడు ఎటెళ్లాడు మాస్టారూ ఆ దేవుడు?"

మాస్టారు మెళ్లో విజిల్ తీసి చొక్కాకు తుడవసాగాడు.

ఆయన్ని వెనకేసుకొస్తూ నర్సమ్మ ముందుకొచ్చింది. పిల్లల వార్డులో చేస్తుంది, మైదానంలో ఎడమ వైపు ఆడుతుంది. "అది కాదక్కా. ఇంజక్షన్ ఎలా చెయ్యాలో మాకు మొదట నారింజపండు మీద నేర్పించారు. ఎంత బాగా గుచ్చేదాన్నో! తీరా వార్డులోకెళ్లి మనిషి చెయ్యి పట్టుకునేసరికి నా చెయ్యే వణికిపోయింది. నారింజపండు కెవ్వుమనదు కదా! ప్రాక్టీసులో ఎన్ని కొడితే ఏం లాభం, భయం ఉండదుగా."

"అయితే కెవ్వుమనే నారింజపండు తెచ్చుకుందాం" అంది దుప్పటక్క.

అన్నంత పనీ చేసింది. లాండ్రీ వెనక బట్టలారేసే ఇనుప స్తంభాలు రెండు గోలుపోస్టులయ్యాయి. చిరిగి పక్కన పడేసిన దుప్పట్లు కుట్టి వల కట్టారు. ఒక్కొక్కరూ ఆ చివర నుంచి ఒంటరిగా నడిచి రావాలి. నడుస్తున్నంత సేపూ లాండ్రీ జనమంతా బకెట్లు వాయిస్తూ నోటికొచ్చినట్టు అరవాలి. "తప్పుద్ది తప్పుద్ది!" అని ఒకరు, "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయ్!" అని ఒకరు. గోల్లో జట్టు గోల్‌కీపరు, ఆసుపత్రి వంటింట్లో చేసే వంటామె. ఆమె చెయ్యి పెద్దది, మనసు పెద్దది, ఒళ్లు ఇంకా పెద్దది. బంతి ఒంటి మీదికొస్తే ఆపుతుంది, దూరంగా పోతే పోనీ పాపం అని సాగనంపుతుంది. మొదట్లో ఏడుపుమొహాలతో తన్నినవాళ్లు పోనుపోనూ ఆ అరుపులకు అలవాటుపడ్డారు. కాళ్లు కుదురుకున్నాయి. మాస్టారు కూడా గోడ పక్కన నిలబడి చూసీచూడనట్టు చూసేవాడు.

కుదురుకోనిది దుప్పటక్క కాళ్లే. పదిమందీ చూస్తుంటే బంతి దగ్గరికి రాగానే నోట్లో తడి ఆరిపోయేది. ఒకటి వల్లో పడితే ఇంకోటి స్తంభానికి తగిలేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. మళ్లీ అదే!

ఆమె కాలికి మందు ఇంట్లో దొరికింది. ఆమె చెల్లెలిని అందరూ చిన్నది అంటారు. ఇదివరకు అదీ లాండ్రీలోనే చేసేది, ఈ జట్టుకు గోల్‌కీపర్ కూడా అదే. తర్వాత బస్ డిపోలో టికెట్ల కౌంటర్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయి, డిపో జట్టుకు గోల్లో నిలబడుతోంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఉండేది ఒకే మేడ మీద, రెండు గదుల్లో. ఇంటి వెనక సందులో గోడౌన్ గోడ మీద చిన్నది సుద్దతో గోలు గీసింది, మోచేతులకు పాత గుడ్డలు చుట్టుకుంది. "నేనుండగా ఇంకెవరెందుకక్కా నీకు? కొట్టు" అంది.

దుప్పటక్కది ఎప్పుడూ ఎడమ వైపు కింది మూలే. చిన్నదానికి ఆ సంగతి తెలుసు. తెలిసి అటే దూకేది. వేళ్ల చివర నుంచి బంతి వెంట్రుకవాసిలో జారి గోడకు తగిలేది.

"ఛ! అందినట్టే అందిందే!" అని నేల మీద పడి గింజుకునేది చిన్నది. "ఎటొస్తుందో తెలిసి కూడా ఆపలేకపోతున్నానంటే, నీ కాల్లో ఏదో ఉందక్కా."

నెలలు గడిచేకొద్దీ ఆ మాట దుప్పటక్క ఒంటికి పట్టింది. తెలిసినవాళ్లే ఆపలేని షాటు తెలియనివాళ్లేం ఆపుతారు? లాండ్రీ పెరట్లో కూడా కాలు నిలబడింది. మడత బల్ల దగ్గర నోరు లేచింది. ఒకరోజు జోడీ మనిషిని "దుప్పటి పట్టుకోమంటే నిద్రపోతావేంటే" అని కసిరేసరికి, హమ్మయ్య, అక్క మళ్లీ మనిషైందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు కొంప మునిగింది. ఆసుపత్రి జట్టు ఫైనల్‌కు చేరింది, అవతలి వైపు నుంచి బస్ డిపో చేరింది.

"నీ మూల నీ చెల్లెలికి తెలుసు కదే!" అని వంటామె గుండెలు బాదుకుంది. మాస్టారు బుర్ర గోక్కుని, పెనాల్టీలు వస్తే మూలైనా మార్చమన్నాడు, లేకపోతే కొట్టడమే మానెయ్యమన్నాడు. నర్సమ్మకు ఇంకో అనుమానం. మూల మారుస్తుందని చిన్నది అనుకుంటే? మార్చదని అనుకుంటుందని ఈమె అనుకుంటే? ఆ లెక్క ఎంతకీ తెమలక అందరికీ తల తిరిగిపోయింది.

"ఏడాదిగా తెలిసే ఆపలేకపోయింది. ఒక్కరోజులో ఏం ఆపుద్ది?" అని దుప్పటక్క తేల్చేసింది. పైకి అలా అంది గానీ ఆ రోజు మడతపెట్టిన దుప్పట్లలో సగానికి కొసలు కలవలేదు.

ఆ వారమంతా ఇంట్లో ఇద్దరికీ మాటలు కరువయ్యాయి. సందులో ఆట ఆగిపోయింది. ఫైనల్ ముందు రోజు చిన్నది టిఫిన్ డబ్బాలు కడుగుతూ, తల తిప్పకుండానే అడిగింది.

"ఒకవేళ పెనాల్టీలకు వెళ్తే, నువ్వు కొడతావా?"

"కొడతాను."

"అదే మూలకా?"

"ఆహా, చెప్తారమ్మా నీకు!"

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వు మధ్యలోనే ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

భయపడ్డదే జరిగింది. ఫైనల్లో చెరో గోలు, మళ్లీ పెనాల్టీలు. వంతులవారీ కొట్టడంలో డిపోవాళ్లది ముందు వంతు, అయిదుకు అయిదూ వంటామె పక్కనుంచే దూసుకుపోయాయి. అయితేనేం, ఇటువైపు నలుగురూ ఒక్కొక్కరే నడిచొచ్చి, డిపో జనం అంతెత్తున అరుస్తుంటే చెవిన పెట్టకుండా కొట్టిపడేశారు. నర్సమ్మ కొట్టాక మాస్టారి చొక్కా పట్టుకుని గట్టిగా ఊపేసింది.

మిగిలింది దుప్పటక్క. కొడితే ఆట బతుకుతుంది, తప్పితే ముగుస్తుంది.

ఆమె నడిచింది. గోలు గీత మీద చిన్నది నిలబడి ఉంది. దాని పెదాలు పాలిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే ఉండేది పిచ్చిది. దుప్పటక్క బంతి పెట్టింది. మారుద్దామా? కుడి వైపు ఖాళీగా ఉంది, కొడితే? వద్దు. తెలిసి కూడా ఆపలేదు. ఏడాదంతా చూశానుగా, ఆపలేదు. విజిల్ వినబడింది.

జీవితంలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. ఎడమ వైపు, కింది మూలకు, నేల బారున, తుపాకీ గుండులా వెళ్లింది బంతి.

చిన్నది దాన్ని పట్టుకుంది. వేళ్లు తగిలించి అవతలికి నెట్టడం కూడా కాదు, రెండు చేతులతో ఒడిసిపట్టి, గుండెలకు అదుముకుని, అలాగే పడి ఉంది. డిపోవాళ్లు గంతులేస్తూ మీదికొచ్చి పడినా లేవలేదు.

దుప్పటక్కకు ఓడిపోయామన్న సంగతి ఇంకా బుర్రకెక్కలేదు. ఆమె ఆ చేతులకేసే చూస్తోంది. ఎంత తేలిగ్గా వెళ్లాయి ఆ చేతులు! వెంట్రుకవాసిలో ఒకసారి పోతుంది, రెండుసార్లు పోతుంది. ఏడాది పొడుగునా పోతుందా ఎక్కడైనా? తెలివితక్కువదానా, అనుకుంది.

జోడీ మనిషి పరిగెత్తుకొచ్చింది. ఇక "పోనీలే అక్కా" అంటుందని దుప్పటక్క కళ్లు మూసుకుంది.

"ఏమే, పార్సిల్ ఇచ్చినట్టు తీసుకెళ్లి చేతిలో పెడతావా! కుడి పక్కంతా బోసిగా ఉంటే కళ్లు కనబడలేదా!" అని అరిచి, ఆ అరుపులోనే బావురుమని ఆమెను కావలించుకుంది. మాస్టారు వెనకాలే వచ్చి, "కిందటేడు ఇద్దరు కొట్టారు, ఈసారి నలుగురు. లాటరీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా" అని ఎటో చూస్తూ గొణిగాడు. వాళ్లు అన్నది ఆమెకు సగమే వినబడింది.

నీళ్ల కుళాయి దగ్గర చిన్నది ఒక్కతే నిలబడి ఉంది. కప్పు గెలిచిన మనిషిలా లేదు. దుప్పటక్క వెళ్లి ఎదురుగా నిలబడింది.

"సందులో కొట్టినవన్నీ నువ్వు ఆపగలిగేదానివేనా?"

చిన్నది కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.

"అడుగుతున్నానా!"

"అన్నీ కాదు... చాలావరకు."

"ఎందుకే?"

"కిందటేడు తప్పాక తిండి మానేశావు. నాతో కూడా మాట్లాడలేదు. ఒకటి వదిలితే నవ్వావక్కా. ఇంకోటి వదిలాను. ఇక ఆపితే మళ్లీ ఎక్కడ అలా అయిపోతావోనని భయమేసింది." చిన్నది కుళాయి కట్టేసింది. "ఇవాళ కూడా వదిలేద్దామనే వచ్చాను, ఒట్టు. బంతి చూడగానే చేతులు వాటంతట అవే వెళ్లిపోయాయి."

దుప్పటక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెంప పగలగొడదామని చెయ్యి కూడా లేచింది. లేచిన చెయ్యి చెల్లెలి మోచేతి మీద పడింది. అక్కడ చర్మం గీసుకుపోయి, పాత దెబ్బల మీద కొత్త దెబ్బలు పడి, గరుగ్గా తగిలింది. ఆపకుండా ఉండటానికి కూడా ఇన్నిసార్లు సిమెంటు నేల మీద పడింది ఈ పిల్ల.

అవతల ఆసుపత్రి వ్యాను హారన్ కొడుతోంది. జోడీ మనిషి కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది.

"రేపు డ్యూటీ దిగగానే సందులోకి రా" అంది దుప్పటక్క. "ఒక్కటి కూడా వదలకు."

"ఏడుస్తావక్కా."

"ఏడుస్తాను. నువ్వు మాత్రం ఆపు."