తిరుమలరావు గారు పడలేదు

పాతపట్నం తిరుమలరావు గారు బుద్ధెరిగాక ఎన్నడూ కింద పడలేదు. పడ్డట్టు కనిపిస్తే అది చూసినవాళ్ల తప్పు.

ఒకరోజు కిరాణా కొట్లో దబ్బుమని చప్పుడైతే కోడలు సింధూరి పరిగెత్తుకొచ్చింది. కాటా పక్కన మావగారు, మావగారి మీద సబ్బుల పెట్టెలు.

"పడిపోనారేటి మావయ్యా?"

"పడ్డమేటమ్మా! కూకున్నాను. జీలకర్ర ఒలికితే ఏరతన్నాను."

జీలకర్ర డబ్బా మూతతో సహా అటక మీద క్షేమంగా ఉంది.

మరోసారి నడిబజార్లో, కోడిమాంసం కొట్టు ముందు బోర్లా దొరికారు. వెల్లుల్లి వాసనకే ముక్కు మూసుకునే మనిషి! "సాష్టాంగమమ్మా. ఆ కొట్టెనకాల అమ్మోరి గుడున్నాది," అన్నారు, మీసాల దుమ్ము దులుపుకుంటూ.

ఆయన నుదుటికి కుట్లు పడ్డాక సింధూరికి నిద్ర కరువైంది. ఈ కూకోవడమేదో లారీ ముందు జరిగితే? చెవి డాక్టరు దగ్గరికి తిప్పింది, నరాల డాక్టరు దగ్గరికి తిప్పింది. ఏమిటి బాధ అంటే, "నాకేటీ లేదు బాబూ, కోడలు టౌను సూస్తానంటే తోడొచ్చాను" అనేవారు. ఒక డాక్టరైతే చేసేది లేక సింధూరికే బలం మాత్రలు రాసిచ్చాడు.

చివరికి శ్రీకాకుళంలో గుండె డాక్టరు అనూరాధ వంతు వచ్చింది. ఈసారి మావగారి అక్క గున్నమ్మ కూడా బయల్దేరింది.

డాక్టరు గట్టిగానే చెప్పింది. "పడేముందు ఏమవుతుందో మీరు చెప్పకపోతే నేనేమీ కనిపెట్టలేను. ఈసారి పడితే లేవకపోవచ్చు."

ఆయన కోడలి మొహం చూశారు. "అప్పా, నువ్ కాసేపు బయట కూకో," అన్నారు అక్కతో.

తలుపు మూసుకోగానే గొంతు తగ్గింది. "కళ్లు సీకటైపోతాయమ్మా. ఆనక ఏటీ తెలీదు. ఈ పిల్ల కాపరానికొచ్చిన నెల నుంచీ పడతన్నాను. సెప్తే, కోడలు కాలెట్టిన ఏళ అనీస్తాది మా అప్ప. మా ఇంటిది కాపరానికొచ్చిన వారంలో మా గేదె సచ్చిపోనాది. పాపం, పోయేవరకూ ఆ గేదెని దాని నెత్తినే ఎట్టారు."

సింధూరి తన కుర్చీ ఆయన పక్కకి జరుపుకుంది. ఇన్నాళ్లూ ఉత్త మొండితనమనుకుని ఈ మనిషిని ఎంత విసుక్కుంది!

డాక్టరు ఆయన ఛాతీకి ఒక యంత్రం తగిలించి రోజంతా ఉంచింది. గుట్టు తేలింది. గుండె మధ్యమధ్యలో కొట్టుకోవడం మర్చిపోతోందట. పేస్‌మేకర్ పెడితే సర్దుకుంటుందని ధైర్యం చెప్పింది.

"ఎప్పట్నుంచిరా ఈ రోగం?" అంది మళ్లీ లోపలికొచ్చిన గున్నమ్మ. చూపు మాత్రం నేరుగా సింధూరి పాదాల మీదే ఉంది.

"పెళ్లికి ముందు నుంచే అప్పా! మోకాళ్ల నొప్పులని నువ్ రాలేదు గానీ, పెళ్లిచూపుల్రోజు ఆళ్లింట్లో దబ్బుమని పడ్డాను," అన్నారు తిరుమలరావు గారు, ఛాతీ విరుచుకుని. ఎన్నిసార్లు పడ్డా ఒప్పుకోని మనిషి, పడని రోజున పడ్డానని ఒప్పుకున్నారు.

ఆ రోజు జంతికల పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఆయన కుర్చీలోంచి కదలనే లేదని సింధూరికి బాగా గుర్తు.

"నిజమే పెద్దమ్మా," అంది. "నేనే సెయ్యిచ్చి లేపేను."