చేపల ప్యాంటులో స్పాంజి

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తన తెలివి మీద ఎంత నమ్మకం ఉంటుందో, తన నోటి మీద అంత అదుపు ఉండదు. అప్పుడు నేను పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీలో, పర్చేజ్ విభాగంలో ట్రైనీని. పర్మనెంటు కావాలంటే నా కాగితం మీద రెండు సంతకాలు పడాలి. ఒకటి ప్లాంటు మొత్తాన్నీ నడిపే పెద్దసారుది. రెండోది సేఫ్టీ ఆఫీసరుది. ఈయన్ని అందరం హెల్మెట్ సారు అనేవాళ్లం (క్యాంటీన్లో ఉప్మా తినేటప్పుడు కూడా హెల్మెట్ తీయరు. పైన ఫ్యాను ఉంది కదా అంటారు). ఆ రెండు సంతకాలూ పడకపోతే సంగారెడ్డిలో మా బావ జిరాక్సు షాపులో, మా బావ జోకులకు నవ్వుతూ బతకాలి. అందుకే ఆ ఇద్దరికీ భయపడేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే పెద్దసారు కంపెనీ పని మీద విదేశం వెళ్లి, ఫ్లై ఫిషింగ్ నేర్చుకుని వచ్చారు. ఇందులో ఎరకు వానపాము ఉండదట. గాలానికి ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ ఉంటుందట. నడుము లోతు నీళ్లలో నిలబడి, దాన్ని కొరడా ఝళిపించినట్టు ముందుకీ వెనక్కీ విసరాలట. ఇంత కష్టపడి పట్టిన చేపను ఫొటో దిగి మళ్లీ నీళ్లలోకే వదిలేయాలట. (ఈ చివరి ముక్క విన్నాక మా క్యాంటీన్ వంటాయన చాలాసేపు గరిటె పట్టుకోలేదు.)

ఆదివారం ఊరి బయటి చెరువులో స్టాఫందరికీ చేసి చూపిస్తానన్నారు పెద్దసారు. కర్ర, దారం అక్కడినుంచే తెచ్చుకున్నారు. నీళ్లు దూరకుండా ఛాతీ దాకా వచ్చే ప్యాంటు మాత్రం ఆన్‌లైన్లో తెప్పిస్తే, పొట్ట దగ్గరికొచ్చి ఆగిపోయింది. నన్ను పిలిచి, "పర్చేజ్‌ల ఉన్నవ్ కదా, ఒకటి కుట్టించు. నాకు కంఫర్ట్ ముఖ్యం. గంట సేపు నిలబడ్డా కాళ్లు గుంజొద్దు" అన్నారు. గది బయటికి వచ్చానో లేదో హెల్మెట్ సారు పట్టుకున్నారు.

"కంఫర్ట్ గింఫర్ట్ తర్వాత సూద్దాం. ముందుగాల సేఫ్టీ. కండ్లకు అద్దాలు, నెత్తికి టోపీ, జారని బూట్లు. నడుముకు బెల్టు టైట్‌గ ఉండాలె. సారు పడ్డరే అనుకో, ప్యాంటు లోపటికి నీళ్లు పోతే ఇగ లేవరు."

"సారు పడితే చెరువే లేస్తది సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి, నాకు చూపించి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

హైవే పక్కన లారీలకు టార్పాలిన్లూ సీటు కవర్లూ కుట్టే చాచా ఉండేవాడు. కొలతలు చూపించాను. చాచా కళ్లజోడు పైకి నెట్టి, "గిది ఏ బండికి?" అన్నాడు.

"బండికి కాదు చాచా, మా పెద్దసారుకు."

"అచ్ఛా! పన్నెండు టైర్లదనుకున్న."

"నీళ్లు పోవద్దు, మెత్తగ ఉండాలె. నా నౌకరీ దీని మీదనే ఉంది చాచా."

"ఫికర్ నక్కో బేటా. నా సీటు మీద కూసున్న డ్రైవరు నాగపూర్ దాక లేవడు" అని, పాదాల నుంచి తొడల దాకా సీటుకు వేసే స్పాంజి రెండు వరసలు పెట్టి, పైన టార్పాలిన్ కుట్టి, కుట్ల మీద గమ్ము పూశాడు. "ఒక్క సుక్క నీళ్లు లోపటికి పోవు. గాలి గూడ బైటికి రాదు" అన్నాడు గర్వంగా. ఆ రెండో వాక్యం దగ్గర మేమిద్దరం కాస్త ఆగి ఆలోచించాల్సింది. చాయ్ వచ్చింది, తాగాం.

ఆదివారం చెరువు గట్టు మీద హెల్మెట్ సారే స్వయంగా బెల్టు బిగించారు, లారీ మీద సరుకు కట్టినట్టు. పెద్దసారు రెండడుగులు వేసి, "సోఫాల కూసున్నట్టే ఉందయ్యా" అని నా వైపు ప్రేమగా చూశారు. లోపల సంతకం పెట్టేసినట్టే కనిపించింది.

మోకాళ్ల లోతు వరకు బాగానే ఉంది. తొడల లోతు కూడా బాగానే ఉంది. నడుము లోతుకు వెళ్లగానే సారు ఎడమకాలు నీళ్లలోంచి పైకి వచ్చింది. దాన్ని తొక్కిపెట్టబోతే కుడికాలు వచ్చింది. మరుక్షణం ఆయన వెల్లకిలా తేలి, ఆకాశం చూస్తూ, గాలివాటానికి మెల్లగా చెరువు మధ్యకు బయల్దేరారు.

"కాళ్లు కింద పెట్టండి సార్!" అని అరిచాను.

"పోతలేవయ్యా కిందికి!"

గట్టు మీద హెల్మెట్ సారు ఆనందం పట్టలేక తొడ చరిచారు. "సూసిన్రా? మునుగుతలేరు! గదీ బెల్టంటే!"

కంగారులో సారు కర్రను గట్టు వైపు ఝళిపించారు. ఆ ఉత్తుత్తి ఈగ తిన్నగా వచ్చి నా చొక్కా కాలరును కరుచుకుంది. కర్ర ఫారిన్ది, ఆయన వదలరు. చొక్కా పండక్కి కుట్టించింది, నేను విప్పను. ఇక దారం రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా గట్టెక్కడం మొదలుపెట్టాను. వెనకాల పెద్దసారు మెల్లగా ఒడ్డుకు వచ్చారు, తల ముందు, బూట్లు వెనక.

స్టాఫంతా పెదాలు బిగించి, నవ్వాపుకుంటూ నేల చూస్తున్నారు. బుద్ధిగల ట్రైనీ అయితే "దెబ్బ తగిలిందా సార్?" అనేవాడు. నేను దారం చేత్తో పట్టుకుని, "దొరికిన్రు సార్. ఫొటో దిగి ఇడిసిపెట్టాల్నా?" అన్నాను.

హెల్మెట్ సారు మర్నాడే సంతకం పెట్టారు. పెద్దసారు కూడా పెట్టారు, చాలా రోజులు నానబెట్టి. పర్మనెంటు చేస్తూనే, కింద తన చేత్తో ఇంకో ముక్క రాశారు: గుమ్మడిదల యూనిట్‌కు బదిలీ. అప్పుడు అక్కడ యూనిట్ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక వాచ్‌మన్.

ఇప్పుడది పెద్ద యూనిట్. నా కింద నలుగురున్నారు. మీటింగుల్లో పైవాళ్లు మాట్లాడుతుంటే ఇప్పటికీ మంచి మంచి మాటలు నాలుక చివరిదాకా వస్తాయి. ఇంటి లోను గుర్తొచ్చి, టీతో పాటు మింగేస్తాను. అప్పుడప్పుడు ఆ చెరువు గట్టు మీది ట్రైనీ కుర్రాడు వచ్చి మా మీటింగులో ఆఖరి కుర్చీలో కూర్చుని, టీ కప్పు వెనక దాక్కున్న నన్ను చూస్తే ఏమంటాడా అని ఆలోచిస్తుంటాను. ఏమంటాడో నాకు తెలుసు. చాలా బాగుంటుంది ఆ మాట. ఇక్కడ రాయను. ఇంక్రిమెంట్ల నెల ఇది.